అల్పాయుష్కుల పట్ల మన ధర్మం

ఒక ప్రాణి పట్ల మానవునికి గల బాధ్యతను దేనిని బట్టి నిర్ణయించాలి? దాని పరిమాణాన్ని బట్టియా, ఆయుర్దాయాన్ని బట్టియా, లేక అది మనమీద ఎంతగా ఆధారపడి ఉన్నదన్న విషయాన్ని బట్టియా? ఈ ప్రశ్న గోవు విషయంలోనో ఏనుగు విషయంలోనో తలెత్తితే పెద్దలు గంభీరంగా చర్చిస్తారు. పిడికిట్లో ఇమిడిపోయే హామ్‌స్టర్ విషయంలో తలెత్తితే నవ్వి ఊరుకుంటారు. 100 నుంచి 150 గ్రాముల బరువు, రెండు మూడేళ్ల ఆయుష్షు గల ఈ మూషికజాతి జంతువు మన నగరాలలోని ఇళ్లలోకి కూడా పెంపుడు ప్రాణిగా వచ్చింది. వార్ధక్యంలో దానికి తీవ్రమైన వ్యాధి సోకినప్పుడు ఆ ఇంటివారు ఎదుర్కొనే సంకటం పైకి చిన్నదిగా కనిపించినా, అహింస, కరుణ, సత్యం అనే మూడు విలువలనూ ఒకేసారి పరీక్షకు పెట్టగలిగినది.

ముందుగా ఈ ప్రాణి మన చెంతకు ఎలా వచ్చిందో గుర్తుచేసుకోవడం అవసరం. సిరియా దేశంలోని అలెప్పో పరిసరాలు దీని జన్మభూమి. 1839లో జార్జ్ వాటర్‌హౌస్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దీనిని వర్ణించాడు. ఆ తరువాత దాదాపు శతాబ్దకాలం ఎవరూ దీనిని పెద్దగా పట్టించుకోలేదు. జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో సాల్ ఆడ్లర్ అనే పరాన్నజీవి శాస్త్రవేత్త లీష్మానియా రోగాలపై పరిశోధన చేస్తూ, అందుకు అనువైన జంతువు కోసం వెదికాడు. ఆ అవసరం తీర్చడానికి 1930లో ఇజ్రాయెల్ ఆహరోనీ అనే జంతుశాస్త్రజ్ఞుడు అలెప్పో సమీపంలోని పొలంలో లోతుగా తవ్వించి ఒక తల్లినీ దాని పిల్లలనూ పట్టుకున్నాడు. వాటిలో బతికి బట్టకట్టినవి వేళ్లమీద లెక్కించదగినన్ని మాత్రమే. ఈనాడు ప్రపంచమంతటా బోనుల్లో పెరుగుతున్న బంగారు హామ్‌స్టర్లలో అత్యధికం వాటి సంతతే. ఆ పరిశోధనకు లక్ష్యమైన రోగాలలో మన బీహారు, బెంగాలు పల్లెలను తరతరాలుగా పీడించిన కాలా అజార్ ఒకటి. అంటే ఈ ప్రాణి మన గడపకు వినోదవస్తువుగా రావడానికి ముందే మన రోగాల భారాన్ని మోసింది. అది మనలను ఆశ్రయించలేదు. మనమే దానిని తెచ్చి ఆశ్రితను చేసుకున్నాము. చూరులో గూడు కట్టుకున్న పిచ్చుకకూ దీనికీ ఉన్న భేదం ఇదే. పిచ్చుకకు మనం చేసేది దయ. బోనులో ఉంచిన ప్రాణికి మనం చేయవలసినది రుణవిమోచనం.

రెండేళ్లు నిండేసరికి హామ్‌స్టర్ వృద్ధాప్యంలో పడుతుంది. కణుతులు, మూత్రపిండాల క్షీణత, గుండెజబ్బులు ఈ దశలో సాధారణం. అయితే వేటకు గురయ్యే ప్రాణులన్నిటిలాగే ఇది తన బాధను దాచుకుంటుంది. నీరసించిన ప్రాణిని శత్రువు ముందుగా గుర్తిస్తాడన్న భయం దాని రక్తంలోనే ఉన్నది. అందువల్ల యజమాని జబ్బును గమనించే నాటికి అది చాలావరకు ముదిరిపోయి ఉంటుంది. బరువు తగ్గడం, బొచ్చు చెదరడం, నడుము వంగడం, రాత్రివేళ చక్రం ఎక్కకపోవడం వంటి చిన్న సూచనలనే అది పలకలేని మాటలుగా గ్రహించాలి. బాగా చలి సోకితే ఈ జంతువు దేహం చల్లబడి, శ్వాస మందగించి, చచ్చినట్లే పడి ఉంటుంది. ఆ స్థితిని మరణమని భ్రమించేవారున్నారు. ఇక మనుషులకు ప్రాణదానం చేసే పెన్సిలిన్ వర్గపు మందులు దీని పేగులలోని సూక్ష్మజీవుల సమతూకాన్ని చెదరగొట్టి ప్రాణమే తీయగలవు. ఇంట్లో మిగిలిన మాత్రను నలిపి పోసే అమాయకపు ప్రేమ హత్యగా పరిణమించవచ్చు. తెలుసుకోవడానికి శ్రమపడని కరుణను కరుణగా లెక్కించలేమన్నది ఈ చిన్న ప్రాణి నేర్పే తొలి పాఠం.

మన చరిత్రలో పశువైద్యానికి ప్రాచీనమైన స్థానమే ఉన్నది. శాలిహోత్రుని పేర అశ్వశాస్త్రం, పాలకాప్యుని పేర గజశాస్త్రం వెలిశాయి. కాని గుర్రమూ ఏనుగూ రాజ్యానికి బలం. 1889లో పూనాలో స్థాపితమై తరువాత ముక్తేశ్వర్‌కు తరలిన బాక్టీరియా పరిశోధనాలయానికీ పశుసంపద రక్షణే ప్రయోజనం. ఉపయోగపడే ప్రాణికి చికిత్స చేయడంలో ధర్మంతోపాటు లెక్క కూడా ఉంటుంది. ఆ లెక్కను దాటిన స్వరం అశోకునిది. మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలోని బండలపై కూడా కనిపించే ఆయన శాసనాలలో మనుషులకూ పశువులకూ సమానంగా చికిత్స ఏర్పాటు చేసినట్లు ఉన్నది. ఆ శాసనాలలోనే, తన వంటశాలలో ఇంకా రెండు నెమళ్లు, అప్పుడప్పుడు ఒక లేడి చంపబడుతున్నాయని ఆయన దాచకుండా చెప్పుకున్నాడు. ఆదర్శాన్ని ప్రకటిస్తూనే ఆచరణలోని కొరతను ఒప్పుకొనే ఈ నిజాయితీ శాసనకర్తలలో అరుదు.

నిరుపయోగమైన ప్రాణికి చేసే సేవకు నాకు తెలిసినంతలో అత్యంత సుందరమైన సాక్ష్యం 1623లో ఖంభాత్ నగరాన్ని దర్శించిన ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వాలే రాతలలో ఉన్నది. అక్కడి పక్షుల ఆసుపత్రిలో ఆయన తల్లిలేని చిట్టెలుక పిల్లలను చూశాడు. తెల్లగడ్డం గల ఒక వృద్ధుడు వాటిని దూదిలో పొదిగి, కళ్లజోడు పెట్టుకొని, పక్షి ఈకతో పాలు పడుతున్నాడు. పెరిగాక వాటిని స్వేచ్ఛగా విడిచిపెడతానని చెప్పాడు. రాజ్యానికి గాని, వ్యాపారానికి గాని ఆ ఎలుకల వల్ల ఒరిగేది ఏమీ లేదు.

అయితే సేవ చేసినా తగ్గని బాధ ఎదురైనప్పుడు ఏది ధర్మం? ఈ దేశంలో ఈ ప్రశ్నను బహిరంగంగా, తీవ్రంగా చర్చకు పెట్టిన సందర్భం 1928లో సబర్మతీ ఆశ్రమంలో వచ్చింది. తీరని వేదనతో ఉన్న ఒక దూడకు గాంధీజీ తన సమక్షంలోనే వైద్యునిచేత ప్రాణాంతకమైన ఇంజెక్షను ఇప్పించి, ఆ సంగతిని స్వయంగా తన పత్రికలలో ప్రకటించారు. నిరసనగా ఉత్తరాలు వెల్లువెత్తాయి. ప్రాణం పోయలేనివానికి ప్రాణం తీసే హక్కు ఎక్కడిదని అడిగినవారి ప్రశ్న తేలికైనది కాదు. ఏ ప్రాణి కర్మను అది అనుభవించవలసిందేనన్న వాదం వెనుక శతాబ్దాల నమ్మకం ఉన్నది. గాంధీజీ సమాధానం సంకల్పంపై ఆధారపడినది. స్వార్థంతోనో క్రోధంతోనో చేసిన వధ హింస. కోలుకొనే ఆశ లేనప్పుడు, సేవతో ఉపశమనం కలిగించే దారి మూసుకుపోయినప్పుడు, ఆ జీవి మేలు కోసమే చేసినది అలాంటిది కాదు. ఆ దూడను పక్కకు తిప్పడం కూడా దానికి భరించరాని బాధ కలిగించే స్థితి. అంటే సేవే హింసగా మారిన క్షణం అది.

ఈ నిర్ణయంలో ప్రమాదం లేకపోలేదు. సంకల్పం ఎంత శుద్ధమైనదో ఎవరు తేల్చాలి? రోజుకు నాలుగుసార్లు మందు పోయడానికి విసిగిన మనిషి తన అలసటను కరుణ అని పిలుచుకోవచ్చు. దీనికి వ్యతిరేకమైన మోసం కూడా ఉన్నది. దానిని పోగొట్టుకోలేని మనిషి తన మమకారాన్ని అహింస అని పిలుచుకొని, ఆహారం ముట్టని, లేవలేని ప్రాణిని మరో వారం ఈడ్చవచ్చు. రెండూ స్వార్థాలే. మొదటిదానిని లోకం నిందిస్తుంది, రెండవదానిని మెచ్చుకుంటుంది. అందుచేత రెండవది మరింత జాగ్రత్తగా పరిశీలించుకోదగినది. తనకు తానే వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ రోజు ఎవరి కోసం?

మన చట్టం కూడా ఈ సందిగ్ధాన్ని ఎరుగును. రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో సాగించిన కృషి ఫలితంగా రూపొందిన 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం, తన సంరక్షణలోని జంతువుకు అనవసరమైన బాధ కలగకుండా చూడడం ప్రతివారి విధి అని 3వ సెక్షన్‌లో చెప్పింది. బతికించి ఉంచడమే క్రూరత్వమయ్యే స్థితిలో దానిని అంతమొందించేందుకు 13వ సెక్షన్‌లో వీలు కల్పించింది. మనుషుల విషయంలో 2018లో సుప్రీంకోర్టు, కోలుకోలేని రోగికి కృత్రిమ ప్రాణాధారాన్ని ఉపసంహరించుకోవచ్చునన్నది గాని, ప్రాణం తీయడాన్ని అనుమతించలేదు. మనిషి తన కోరికను ముందుగానే రాసి ఉంచవచ్చు. బాధకు ఒక అర్థం వెతుక్కోవచ్చు. ఎదురుచూపులో ఓదార్పు పొందవచ్చు. హామ్‌స్టర్‌కు రేపు అన్నది లేదు, ఈ గడియలోని నొప్పి మాత్రమే ఉన్నది. దానికి ఆ ఓదార్పులేవీ అందవు కనుకనే ఈ అనుమతి ఉన్నది. అది తన సమ్మతి చెప్పలేదు కనుకనే ఆ అనుమతిని వినియోగించేవాడు మరింత కఠినంగా ఆత్మపరీక్ష చేసుకోవాలి. పశువైద్యుని మాట వినకుండా ఆ నిర్ణయం తీసుకోకూడదు. ఆయన మాటే నిర్ణయమని తప్పుకోకూడదు.

ఇక్కడ పాలనలో ఉన్నవారి నోట సహజంగా వచ్చే ఆక్షేపణ ఒకటి ఉన్నది. మనుషులకే మందులు చాలని దేశంలో ఎలుకకు వైద్యమా? ప్రభుత్వ నిధుల విషయంలో ఈ ఆక్షేపణ సబబైనదే. ప్రాధాన్యాలు నిర్ణయించడం దాని పని. కాని ఒక ఇంటి బాధ్యతకు ఇది జవాబు కాదు. ఆ ప్రాణిని కొన్నప్పుడు గుర్తురాని పేదల ఆకలి, దానికి జబ్బు చేసినప్పుడే గుర్తుకు రావడంలో ఏదో అనుమానించదగినది ఉన్నది. పైగా దానికి చివరి దశలో కావలసినవాటిలో చాలావరకు ఖర్చులేనివే. బోనులోని నిచ్చెనలు తీసివేయడం, నీళ్లూ మెత్తటి ఆహారమూ పడక పక్కనే ఉంచడం, చలిగాలి సోకకుండా చూడడం, పగటినిద్ర చెడగొట్టకపోవడం, వారానికొకసారి తూచి రాసుకోవడం: ఇవే ముఖ్యం. వృద్ధదేహానికి శస్త్రచికిత్స ప్రతిసారీ మేలు చేయదు. కొన్న ధర కంటె వైద్యుని రుసుము ఎక్కువన్న వాదం మాత్రం వస్తువులకు వర్తించేదే తప్ప ప్రాణికి వర్తించేది కాదు.

చివరిది సత్యానికి సంబంధించినది. హామ్‌స్టర్ ఉన్న ఇంట్లో తరచుగా ఒక పిల్లవాడో పిల్లో ఉంటారు. అది పోయిన రాత్రి పెద్దవాళ్లు అదే రంగు గల మరొకదానిని తెచ్చి బోనులో పెట్టి, ఏమీ జరగనట్లు నటించడం కొన్నిచోట్ల ఆచారమైంది. పిల్లల మనస్సు నొచ్చుకోకూడదన్న ఉద్దేశం మంచిదే. కాని ఆ పనితో పిల్లలకు తెలియకుండానే రెండు విషయాలు నేర్పుతున్నాము: ఒక ప్రాణి స్థానంలో మరొకదానిని పెట్టవచ్చునని, దుఃఖం దాచిపెట్టవలసిన దోషమని. మోసం బయటపడిన రోజున మూడవది కూడా నేర్చుకుంటారు. నిద్రపోయిందని చెప్పడం వల్ల కొందరు పిల్లలు నిద్రకే భయపడతారు. జబ్బు చేసిందని, నయం కాలేదని, చనిపోయిందని, దానికి నొప్పి తెలియకుండా చూశామని చెప్పగలిగితే, ఆ మాటల బరువును మోయగల శక్తి పిల్లలకు ఉన్నది. ఇంటిలోని వృద్ధులు మంచం పట్టినప్పుడు ఆ శక్తే వారికి అక్కరకు వస్తుంది.

మూడేళ్ల ఆయుష్షులో చివరి మూడు వారాలు ఆ ప్రాణికి చిన్న భాగం కాదు. మానవ జీవితంలో ఒకటి రెండేళ్లకు సమానం. ఆ వారాలు ఎలా గడిచాయన్నది పూర్తిగా మన చేతుల్లో ఉన్నది. ఖంభాత్ వృద్ధుడు సాకిన ఎలుకలు పెరిగి స్వేచ్ఛగా వెళ్లిపోయాయో లేదో యాత్రికుడు చూడలేదు. ఫలితం ఎలా ఉన్నా, ఆ పూటకు వాటి నోటికి పాలు అందాయి.