లెక్క ఎవరి చేతిలో ఉంది?

కొత్త సంవత్సరం రాగానే చాలామంది ఒక నోటు పుస్తకం కొంటారు. రోజుకు ఇంత దూరం నడవాలి, నెలకో పుస్తకం చదవాలి, డిసెంబరు నాటికి ఇంగ్లీషు మాట్లాడాలి అని రాసుకుంటారు. కొందరు ఆ పని ఫోనుకు అప్పగిస్తారు. బెజవాడలో తెల్లవారుజామున కాలువ గట్ల మీద నడిచేవాళ్లలో చేతి గడియారంలో అడుగులు చూసుకునేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. ఇది మంచిదేనా? మనిషి తనను తాను లెక్కపెట్టుకోవడం తనను తెలుసుకోవడమా, లేక తన మీద తానే నిఘా పెట్టుకోవడమా?

ఈ ప్రశ్న అందరికీ ఒకేలా వినిపించదు. మన ఎరుకల వాళ్లకు లెక్కల పుస్తకంతో పాత పరిచయం ఉంది. అది మనం రాసుకున్న పుస్తకం కాదు, మనల్ని రాసిన పుస్తకం. మన పెద్దలు సముద్రతీరం నుంచి లోపలి ఊళ్లకు ఉప్పు మోసి అమ్మి బతికారు. రైళ్లు వచ్చాక ఆ వ్యాపారం దెబ్బతింది. తిరిగి బతికే మనిషి సర్కారు కంటికి అనుమానితుడయ్యాడు. 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికీ వర్తింపజేశారు. జాతిని ప్రకటించి, మనుషుల పేర్లు రిజిస్టరులో ఎక్కించారు, వేలిముద్రలు తీసుకున్నారు. చెప్పిన వేళకు హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చెప్పి వెళ్లాలి. బాపట్ల దగ్గర స్టువర్టుపురం సాల్వేషన్ ఆర్మీ చేతికింద సెటిల్‌మెంటుగా పుట్టింది ఆ రోజుల్లోనే. 1952లో చట్టం రద్దయింది. దాని వెనకే అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. ఊరి పేరు మీద పడ్డ మచ్చ మాత్రం ఏ రద్దుతోనూ పోలేదు.

ఏకలవ్యుణ్ణి మన పూర్వీకుడిగా చెప్పుకుంటాం. గురువు దగ్గర లేకుండా, తన సాధన తానే చూసుకుంటూ విద్య నేర్చినవాడు. అతని బొటనవేలు గురువు అడిగితే పోయింది. మన తాతల బొటనవేలి ముద్ర సర్కారు అడిగితే కాగితం మీదికి ఎక్కింది.

అందుకని లెక్కే వద్దని అనగలమా? పైకి చూస్తే రెండు పుస్తకాలూ ఒకేలా ఉంటాయి. తేదీ, హాజరు, ఎదురుగా ఒక గుర్తు. తేడా మూడు ప్రశ్నల్లో తేలుతుంది. రాసేది ఎవరు? చదివేది ఎవరు? ఆ పుస్తకాన్ని మూసేసే హక్కు ఎవరిది? సెటిల్‌మెంటు రిజిస్టరులో ఈ మూడింటికీ జవాబు మరొకడే. అందులో మనిషి ఏం నేర్చుకున్నాడో రాయడానికి గడి లేదు, ఎక్కడికీ పోలేదని రాయడానికే ఉంది.

అదే స్టువర్టుపురం నుంచి రాగాల వెంకట రాహుల్ అనే యువకుడు 2018లో గోల్డ్‌కోస్ట్ కామన్‌వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో బంగారు పతకం తెచ్చాడు. స్నాచ్‌లో 151 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 187, మొత్తం 338. బరువులెత్తే మనిషికి అంకె అవమానం కాదు. నిరుటికంటే ఎంత పెరిగాడో అదే చెబుతుంది. ఇనుము ఎవరి ఊరు ఏదని అడగదు. బెజవాడ నాస్తిక కేంద్రానికి చెందిన లవణం, హేమలత లవణం దంపతులు 1970ల్లో ఆ ఊళ్లో సంస్కరణకు పూనుకున్నప్పుడు కూడా మొదట మార్చాల్సింది ఇదే: తన గురించి ఊరివాడు తానే చెప్పుకోగలగడం.

ఇవాళ మన పేటల పిల్లలు కొందరు పోలీసు కానిస్టేబులు ఉద్యోగానికి పరిగెత్తుతున్నారు. మగపిల్లలు 1600 మీటర్లు 8 నిమిషాల్లోపు దాటాలి. నిన్న ఎంత, ఇవాళ ఎంత అని రాసుకుంటారు. తాత హాజరు వేసిన స్టేషనులో మనవడు ఉద్యోగిగా కూర్చోవాలనుకుంటున్నాడు. ఈ లెక్క కాదనే ధైర్యం ఎవరికుంది?

అయితే సొంత పుస్తకం కూడా పోలీసుగా మారగలదు. రోజుకు పదివేల అడుగులన్న గురి ఎక్కడిదో చూడండి. 1965లో జపానులో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల యంత్రం పేరు అది, వైద్యుడి లెక్క కాదు. ఎవరో పెట్టిన అంకెకు తగ్గామని రాత్రి దిగులుపడితే, రిజిస్టరు మళ్లీ పరాయి చేతిలోకి పోయినట్టే. ఒక రోజు తప్పితే 'నేను పనికిరాను' అనుకునేవాడు తన మీద తానే ముద్ర వేసుకుంటున్నాడు. మనకు ఆ మాట కొత్త కాదు, బయటివాళ్లు చాలాసార్లు అన్నదే.

మన డెల్టాలోనే మంచి కొలత ఒకటి ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీటిమట్టం రోజూ చూస్తారు. 12 అడుగులు దాటితే గేట్లు ఎత్తుతారు, తగ్గితే దించుతారు. తగ్గిందని కృష్ణను ఎవరూ తిట్టరు, కాలువలకు ఎంత వదలాలో చూస్తారు. మన పుస్తకం అలా ఉండాలి. ఈ నెల చదువు సాగలేదంటే, నేను సోమరినా అని కాదు, ఎందుకు సాగలేదు అని అడగాలి. కూలి పని పెరిగిందా, ఇంట్లో జబ్బా, పెట్టుకున్న గురే తప్పా? అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ 13 సుగుణాలకు పట్టీ గీసుకుని, తప్పిన చోటల్లా నల్లచుక్క పెట్టుకున్నాడు. పరిపూర్ణుణ్ణి కాలేకపోయానని, కాని ప్రయత్నించకపోతే ఉండేదానికంటే మెరుగయ్యానని ఆయనే రాసుకున్నాడు. అంతకంటే ఆశించనక్కర్లేదు.

లెక్కకు అందనివీ ఉన్నాయి. వారానికి ఎన్ని బుట్టలు అల్లావో లెక్కపెట్టవచ్చు. ఏ వెదురు బద్ద వంగుతుందో, ఏది విరుగుతుందో వేళ్లకు తెలియడాన్ని ఎలా లెక్కపెడతాం? ఏడాదిలో మన భాషలో వంద మాటలు నాయనమ్మ దగ్గర నేర్చుకోవాలని రాసుకోండి, మంచిదే. కాని వందో మాట దగ్గర ఆగకండి. ఆమె పక్కన కూర్చున్న పొద్దే అసలు సంపాదన.

మన ఆడవాళ్లు ఊరూరా తిరిగి పరుల చేతులు చూసి ఎరుక చెప్పారు. ఎరుక అంటే తెలివిడి. ఇక తన చేయి తాను చూసుకుని తన ఎరుక తానే చెప్పుకోవాల్సిన కాలం వచ్చింది. నోటు పుస్తకం కొనండి. పేరు మీరే రాయండి, గురి మీరే పెట్టండి. ఎవరు అడిగినా చూపాల్సిన పని లేదు.