ఆపమన్నాక

నవంబర్ వచ్చిందంటే మా బ్యాంకులో పెన్షనర్ల హడావుడి. బతికే ఉన్నామని ఏటా రుజువు చూపిస్తేనే పెన్షన్ ఆగకుండా వస్తుంది. బ్రాంచికి రాలేనివాళ్ల ఇళ్లకి మేమే వెళ్తాం. అలా 2025 నవంబర్‌లో కొత్తపేటలో, పాత పళ్ల మార్కెట్ వెనక వీధిలో, ఒక మాజీ సైనికుడి ఇంటికి వెళ్లాను. పెద్దాయనకి డెబ్బై అయిదు దాటాయి. గోడమీద పతకాల ఫ్రేము.

వేలిముద్ర పడలేదు. వయసుతో వేళ్లు అరిగిపోతాయి, మామూలే. ఫోన్లో ముఖం చూపించి చేద్దామంటే నెట్ తిరుగుతూ కూర్చుంది. ఆ ఖాళీలో అడగకూడనిది అడిగేశాను. "సార్, యుద్ధంలో ఎవర్నైనా చంపారా?"

ఆయన కోప్పడలేదు. "అందరూ అదే అడుగుతారు బాబూ. ఆ తర్వాత ఏం చేశావని ఎవరూ అడగరు."

ఆ తర్వాత ఆయన చేసింది కాపలా. 1971 డిసెంబర్ 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. పౌరులతో కలిపి సుమారు 93,000 మంది మనకి బందీలయ్యారు. వాళ్లని తిప్పి పంపడం పూర్తయ్యేసరికి 1974 ఏప్రిల్ అయింది. ఈయనకి రాంచీ శిబిరంలో డ్యూటీ పడింది.

"పోస్టు వచ్చే రోజు చూడాలి. కంచెకి ఆ పక్క వాళ్లు, ఈ పక్క మేము. అందరివీ ఒకటే మొహాలు."

1949 నాటి జెనీవా ఒప్పందం ప్రకారం యుద్ధఖైదీకి నెలకి కనీసం రెండు ఉత్తరాలు, నాలుగు కార్డులు రాసుకునే హక్కుంది. నిన్న కాల్చాల్సిన మనిషి ఇవాళ ఇంటికి ఉత్తరం రాసుకుంటుంటే వాడికి కాపలా కాయాలి. మధ్యలో మారింది ఒక్కటే, వాడు తుపాకీ కింద పెట్టాడు.

"కోపం రాలేదా సార్?"

"ఎందుకు రాదు? నా పక్కవాడు పోయాడు. కానీ కోపం నాది, డ్యూటీ సర్కారుది. రెండూ కలపకూడదు."

స్పెయిన్ యుద్ధంలో జార్జ్ ఆర్వెల్, ప్యాంటు పట్టుకుని పరిగెడుతున్న శత్రువుని కాల్చలేకపోయాడు. ఆ క్షణంలో అతనికి తనలాంటి మనిషే కనిపించాడు. మైకేల్ వాల్జర్ 1977 నాటి తన పుస్తకంలో దీన్ని చర్చించాడు. ఆర్వెల్‌ది జాలి. పెద్దాయన విషయంలో జాలి లేదు, ఉన్నది నియమం. నాకు మొదటిదే గొప్పగా అనిపించేది. ఇప్పుడు అంత నమ్మకం లేదు. జాలి పుట్టని రోజున కూడా మనిషిని కాపాడేది నియమమే కదా.

కానీ నియమం పాటించే చెయ్యి చెడ్డ ఆర్డర్ కూడా పాటిస్తుంది. అదీ అడిగాను. "వాళ్లని కాల్చెయ్యమని ఆర్డర్ వచ్చుంటే?"

చాలాసేపు మాట్లాడలేదు. "రాలేదు. అది నా అదృష్టం" అన్నారు.

వచ్చినా చేసేవాణ్ణి కాదని చెప్పుకోవడం ఎంత తేలిక! ఆయన చెప్పుకోలేదు. మన మంచితనంలో ఎంత భాగం మనది, ఎంత భాగం మనకి ఎదురుకాని పరీక్షలది? ఈ లెక్క నేనెప్పుడూ వేసుకోలేదు.

2025 మే 10న కాల్పుల విరమణ అనగానే మా కాలేజీ ఫ్రెండ్స్ గ్రూపులో నేనొక మెసేజ్ పెట్టాను. "అప్పుడే ఆపేశారా?" అని. పక్కన నవ్వే బొమ్మ. పదకొండు లైకులు. నా పక్కవాడెవడూ పోలేదు. నేనే కంచెకీ కాపలా కాయలేదు. సైనికుడికి ఆపమని చెప్పేవాళ్లుంటారు. సోఫాలో కూర్చుని యుద్ధం చేసే నాలాంటివాడికి ఎవరు చెప్పాలి?

నెట్ వచ్చింది. "సార్, ఇటు చూసి ఒకసారి కళ్లు ఆర్పండి" అన్నాను. ఆర్పారు. ఇంకో ఏడాదికి బతికున్నట్టే.

మెట్లు దిగుతూ గ్రూపు తెరిచి ఆ మెసేజ్ వెతికాను. అందరికీ కనపడకుండా తీసేసే గడువు ఎప్పుడో దాటిపోయింది. అలాగే ఉంది.