తప్పిపోయిన పిల్లి – మనకు నేర్పిన పాఠం



2021 నవంబరు వానలు మీకు గుర్తుండే ఉంటాయి. తిరుపతి వీధులు ఏర్లయినాయి. స్వర్ణముఖి పొంగింది. రాయలచెరువు కట్టకు లీకు పడిందని కింది ఊళ్లను ఖాళీ చేయించినారు. అక్కడుండే మా అక్కవాళ్లు చేతికందింది మూటగట్టుకుని మిట్టకు చేరినారు. పిల్లి మాత్రం దొరకలేదు.

కట్ట నిలిచింది. జనం తిరిగొచ్చినారు. అక్క కూతురు ఎనిమిదేళ్లది, అన్నం ముట్టలేదు. "మామా, ఎతుకుదాం రా" అనింది. ఒకాయన "అంజనం వేయించండి, యాడుండాదో చెప్తారు" అన్నాడు. ఇంకొకామె "పోతే పోనీ, పిల్లి ఎదురొస్తేనే అపశకునం" అనింది. మాది ప్రతిజ్ఞలు తీసుకున్న ఇల్లు. బుద్ధుడు వచ్చి చూడమన్నాడు గానీ కళ్లు మూసుకుని నమ్మమనలేదు. అంజనానికి పోలేదు, ఇల్లిల్లూ తిరిగి వెతికినాం.

మూడో రోజు ఊళ్లో ఒక పెద్దింట్లో కనిపించింది. పిల్లి వంటింట్లో, పొయ్యి పక్కన వెచ్చగా పడుకోనుంది. మేము వాకిలి బయట నిలబడినాం. ఆ ఇంటామె మనసున్న మనిషే. తడిసి వణుకుతా వచ్చిందని పాలు పోసి సాకింది. కానీ పాప లోపలికి పరిగెత్తబోతే "ఆడే ఉండు, నేనే తెస్తా" అనింది. తెచ్చి కింద వదిలింది. చేతికియ్యలేదు.

నాకు మహద్ గుర్తొచ్చింది. పశువులు తాగే చెరువు నీళ్లు మనుషులు ముట్టకూడదన్న చోట, 1927 మార్చి 20న బాబాసాహెబ్ దోసిలి పట్టినాడు.

కోపం రాలేదని చెప్పను. కోపాన్ని మింగి, దండం పెట్టి వచ్చేయడం మైత్రి కాదు. తిట్టి రావడం అంతకన్నా కాదు. "అమ్మా, మీ మేలు మరువం. పిల్లి వచ్చిన వంటింట్లోకి ఈ బిడ్డ ఎందుకు రాకూడదో ఒకసారి ఆలోచించండి" అన్నాను. ఆమె తల దించుకుంది. జవాబు రాలేదు. ప్రశ్న మాత్రం ఆ ఇంట్లో ఉండిపోయింది.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞలను చూడండి. మనుషులందరూ సమానమని తొమ్మిదోది. సమానత్వం కోసం పాటుపడతానని పదోది. ప్రాణులన్నిటి మీద కరుణ చూపుతానని పదమూడోది. వీటిని విడదీయకూడదు. పిల్లి దాకా వచ్చి మనిషి దగ్గర ఆగిపోయే దయ, కరుణ కాదు.

ఇప్పుడు మన గడప చూసుకుందాం. మన వాడల మధ్య ఉపకులాల గోడలు లేవా? ఒకరింట్లో ఒకరం తింటున్నామా? ఎదుటివారిని అడిగిన ప్రశ్న ముందు మనల్ని మనం అడుగుదాం. వచ్చే పున్నమి వందనకు పక్క వాడ కుటుంబాన్ని ఇంటికి పిలవండి. వాకిట్లో కాదు, వంటింట్లో కూర్చోబెట్టి కలిసి తినండి.

జై భీమ్!