లెక్క అడిగే హక్కు ఎవరిది?



పునీత లూకా సువిశేషము 16వ అధ్యాయములో ఒక ధనవంతుడు తన గృహనిర్వాహకుని పిలిచి లెక్క ఒప్పజెప్పమంటాడు. ఆస్తి నిర్వాహకునిది కాదు, అతని చేతిలో ఉంచినది మాత్రమే. మన విచారణ పండుగ ఖర్చులు పూజ తరువాత చదివి వినిపించకపోతే ఎంత గొడవ చేస్తాము! మరి ప్రభుత్వాలను ఎవరు అడగాలి?

అణు విద్యుత్ కేంద్రములో వాడివేసిన ఇంధనమును ఏండ్ల తరబడి నీటి తొట్టెలలో ఉంచి చల్లార్చాలి. ఆ తరువాత కూడా దాని ప్రమాదము వేల సంవత్సరాలు పోదు. ఫిన్లాండ్ దేశము తన లోవీసా కేంద్రములో వాడిన ఇంధనమును 1996 వరకు రష్యాకు పంపేది. అది చేరిన చోటు ఉరల్ ప్రాంతములోని మయాక్ కర్మాగారము. 1949 నుండి కొన్నేండ్లపాటు ఆ కర్మాగారపు వ్యర్థజలాలను తేచా నదిలోనికి వదిలారు. గట్టున ఉన్న పల్లెలవారు ఆ నీరే వాడుకున్నారు. 1957లో అక్కడే వ్యర్థాల ట్యాంకు ఒకటి పేలింది. సోవియట్ ప్రభుత్వము ఆ సంగతి బహిరంగముగా ఒప్పుకున్నది 1989లో. ముప్పది రెండేండ్లు దాచారు!

ఫిన్లాండ్ 1994లో చట్టము మార్చుకుంది. తన అణు వ్యర్థము తన నేలలోనే ఉండాలి, పరాయి వ్యర్థము రాకూడదు అని. ఓల్కిలువోటో వద్ద నాలుగువందల మీటర్లకు పైగా లోతున రాతిలో సొరంగాలు తవ్వారు. అంతకుముందు అక్కడి స్థానిక సభ అంగీకారము తీసుకోవలసి వచ్చింది. ఆ సభ వద్దంటే పని అక్కడితో ఆగిపోవలసిందే.

రష్యా వేరొక దారి పట్టింది. పది సంవత్సరాలలో విదేశాల నుండి 20 వేల టన్నుల వాడిన ఇంధనము తెప్పించి రెండు వేల కోట్ల డాలర్లు సంపాదించవచ్చునని అధికారులు లెక్క వేశారు. ప్రజాభిప్రాయ సేకరణ జరపాలంటూ 2000లో సుమారు 25 లక్షల మంది సంతకాలు చేశారు. 20 లక్షలు చాలు. ఎన్నికల సంఘము లోపాలు చూపి ఆరు లక్షలకు పైగా కొట్టివేసింది. మరుసటి ఏడు చట్టము అమలులోనికి వచ్చింది. ఆశించినంత ఇంధనము మాత్రము రాలేదు. డబ్బు వస్తుందన్న ఆశ చూపి ప్రశ్నను నొక్కివేయడము నాకు అన్నిటికన్న బాధ కలిగించే సంగతి.

ఇది దూరదేశపు కథ అని పేజీ త్రిప్పకండి. తమిళనాడులోని కూడంకుళానికి రియాక్టర్లు ఇచ్చింది రష్యాయే. 1988 ఒప్పందము ప్రకారము వాడిన ఇంధనము అక్కడికి తిరిగిపోవలసినది, తరువాత మన దేశములోనే ఉండేటట్లు మారింది. 2011లో ఇడింతకరై గ్రామములో లూర్దుమాత దేవాలయము ముందు జాలరి కుటుంబాలవారు, వారిలో ఎందరో కతోలికులు, నిరాహార దీక్షలకు కూర్చున్నారు. 2013లో సుప్రీంకోర్టు కేంద్రానికి అనుమతినిస్తూనే 15 ఆదేశాలు ఇచ్చింది. వాడిన ఇంధనానికి రియాక్టర్లకు దూరముగా వేరే నిల్వస్థానము కట్టాలన్నది అందులో ఒకటి. దానిపై 2019 జులైలో ప్రజల అభిప్రాయము వినే సభ పెట్టదలచి తేదీ కూడా ప్రకటించారు. జనము వినడానికి సిద్ధమవుతుండగా ఆ సభను వాయిదా వేశారు.