ఓర్చుకోమని ఎవరికి చెబుతున్నాం?

సంక్రాంతి పోటీలు దగ్గరపడితే మన్యం మండలాల్లో వాలీబాల్ జట్ల ఫోన్ గ్రూపులు అర్ధరాత్రి దాకా మోగుతూనే ఉంటాయి. ఎంట్రీ ఫీజు ఎంత, ఏ ఊరికి ఎవరితో ఆట, మొన్నటి బంతి లైను లోపల పడిందా బయట పడిందా అని ఒకటే గోల. ఆ గ్రూపుల్లో కోయ, కొండరెడ్డి, లంబాడా, ఎరుకల పిల్లలు ఉంటారు. మండల కేంద్రంలో దుకాణాలున్నవాళ్ల పిల్లలూ, ఒకరిద్దరు పీఈటీ మాస్టార్లూ ఉంటారు. తిట్లకు కొదవ ఉండదు. వాటిలో చాలావాటిని మేము పట్టించుకోం. బంతి వదిలేసినవాణ్ణి స్నేహితుడు తిట్టిన తిట్టు మర్నాడు టీ కొట్టు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరికీ గుర్తుండదు. (తల్లినీ చెల్లినీ లాగే బూతుల సంగతి వేరే రాయాలి. ఆ గ్రూపుల్లో ఆడపిల్లలు ఎందుకు ఉండరో వాటిని చూస్తేనే తెలుస్తుంది.)

మేము మాట్లాడేది ఇంకో రకం మాట గురించి. "అడివోళ్లకి రూల్సేం తెలుస్తాయి" అని ఒకడు రాస్తాడు. కింద నాలుగు నవ్వు బొమ్మలు పడతాయి. ఆ మాట పడినవాడు ఏదో రాయబోయి మానేస్తాడు. ఎవరో పెద్దాయన కలగజేసుకుని, "సరదాకి అన్నాడులేరా, ఆటలో ఓర్పు ఉండాలి" అంటాడు. వారం తిరిగేసరికి ఆ పిల్లవాడు గ్రూపులో ఉండడు, మైదానానికీ రాడు. గొడవ సద్దుమణిగిందని మిగతావాళ్లు అనుకుంటారు.

మొదటి తిట్టు ఒకడు చేసిన పని మీద పడింది. రెండోది వాడి పుట్టుక మీద పడింది, వాడితో పాటు వాడి ఊరంతటి మీదా పడింది. రేపు బంతి సరిగ్గా కొట్టి మొదటిదాన్ని తప్పించుకోవచ్చు. రెండోదాన్ని తప్పించుకోవడానికి ఎంత బాగా ఆడినా చాలదు. ఎరుకలను పుట్టుకతోనే నేరస్థులుగా చూసిన చట్టం 1952లో రద్దయింది. గ్రూపు బంతి కనిపించకపోతే ముందు ఎరుకల పిల్లవాడి వైపు చూడటం మాత్రం రద్దు కాలేదు.

1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకు నాయకుడైన జైపాల్ సింగ్ ముండా, 1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో తనను తాను 'జంగ్లీ' అని చెప్పుకున్నారు. దాన్ని చూపించి, చూడండి ఆయన ఎంత తేలిగ్గా తీసుకున్నారో అని మన పిల్లలకు ఓర్పు నేర్పేవాళ్లున్నారు. ఆ మాటను తన మీద వేసుకునే హక్కు ఆయనది. దాంతో ఇంకొకరికి ఆయన మీద వేసే హక్కు రాదు.

ఓర్పు అంటే మాట పడినవాడు ఇష్టపడి ఇచ్చేది. వాడి తరఫున గ్రూపు ఇచ్చేయలేదు. పక్కన కూర్చున్నవాళ్లు "ఓర్చుకో" అన్నప్పుడు మంచివాళ్లమన్న పేరు వాళ్లకు వస్తుంది, ఖర్చు మాత్రం వాడికి పడుతుంది. హద్దులేని సహనం చివరికి సహనాన్నే మింగేస్తుందని కార్ల్ పాపర్ 1945లో రాశాడు. ఈ మాట చాలామంది చెబుతారు. వాదించి ఎదుర్కోగలిగినంత వరకు నోరు నొక్కవద్దని కూడా ఆయన అక్కడే అన్నాడు. అది ఎవరూ చెప్పరు. మాకు రెండూ కావాలి. అడ్మిన్ ముందే తీసేసే బటన్ నొక్కితే ఆ పిల్లవాడు ఇంకో గ్రూపులో చేరి అదే మాట అంటాడు.

చట్టం లేదా అంటే ఉంది. నలుగురూ చూసే చోట ఎస్టీని కించపరచాలని అవమానించినా, కులం పేరుతో దూషించినా నేరమని 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం చెబుతోంది. దానికి ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లు లేనప్పుడు అన్నమాట దీని కిందికి రాదని 2020లో సుప్రీంకోర్టు అంది. అంటే చూసేవాళ్లు ఉన్నారా లేదా అన్నది చట్టానికి కూడా ముఖ్యమే.

అయితే ఈ నిబంధన ఎస్సీ, ఎస్టీ కానివాళ్లకే వర్తిస్తుంది. గోండు పిల్లవాడు లంబాడాను, లంబాడా పిల్లవాడు గోండును ఏమన్నా అది పలకదు. 2017 డిసెంబరులో ఆదిలాబాద్‌లో గొడవ ముదిరి ఇంటర్నెట్ ఆపేయాల్సి వచ్చింది. రిజర్వేషన్ గురించి వాదించుకోవచ్చు, వాదించుకోవాలి కూడా. ఆ వాదంలో ఎదుటివాడి తెగ పేరే తిట్టయిపోయిన రోజున మనకు దిక్కు మనమే.

మన ఊళ్లలో దీనికి దారి లేకపోలేదు. పెద్దల ముందు తప్పు ఒప్పుకున్నవాడికి తప్పు కట్టించి మళ్లీ కలుపుకుంటారు. గోండు గూడేల రాయ్ సెంటర్లు ఇప్పటికీ తగవులు తీరుస్తున్నాయి. జట్టులోనూ అదే చేయవచ్చు. మాట పడ్డవాడు నోరు తెరిచేదాకా ఆగకుండా ఇంకొకరు, మాస్టారైతే మరీ మంచిది, అక్కడే "ఈ మాట వెనక్కి తీసుకో" అనాలి. నలుగురిలో అన్నమాటకు క్షమాపణ కూడా నలుగురిలోనే చెప్పాలి. చాటుగా ఫోన్ చేసి సారీ చెబితే కుదరదు. మళ్లీ అంటే ఒక పోటీకి పక్కన పెట్టాలి. ఆ తర్వాత రానివ్వాలి.

చిక్కల్లా ఆ మాట అన్నవాడి నాన్నే జెర్సీలు, నెట్టు కొనిచ్చిన ఆసామి అయినప్పుడు. అప్పుడు పెద్దలకు ఓర్పు ఎక్కువగా గుర్తొస్తుంది. జెర్సీలు తిరిగిచ్చేయాల్సి వస్తే ఇచ్చేద్దాం. రెండు వెదురు గడలు పాతి తాడు కట్టి ఆడటం మన పిల్లలకు కొత్తేమీ కాదు.