రొమ్ముమీది సిలువ

ధ్యానభాగము: 2 కొరింథీయులకు 4:7–10

పూర్వము బైజాంటియ సామ్రాజ్యమున విశ్వాసులు ఒక విధమైన సిలువను మెడలో ధరించుచుండిరి. గ్రీకు భాషలో దానికి ఎంకొల్పియోను అని పేరు. అనగా రొమ్ముమీద ఉండునది. 9వ శతాబ్దము మొదలు 12వ శతాబ్దము వరకు ఇట్టివి కంచుతో విస్తారముగా చేయబడెను. రెండు రేకులను కీలుతో కలిపి, లోపల బోలుగా ఉంచెడివారు. ఒక ప్రక్క సిలువవేయబడిన క్రీస్తు రూపమును, మరియొక ప్రక్క చేతులెత్తి ప్రార్థించు మరియ రూపమును చెక్కెడివారు. లోపల పరిశుద్ధుల అస్థిశేషమునో, ప్రభువు సిలువదని నమ్మిన కొయ్యముక్కనో భద్రపరచెడివారు. నేడు పురావస్తుశాలలలో నున్న వాటిలో అనేకములు లోపల శూన్యములే.

ఈ ఆచారము అంతకు ముందే కలదు. స్త్రీ పురుషులు అట్టి కొయ్యముక్కను బంగారములో పొదిగి మెడకు వ్రేలాడదీసికొనుచున్నారని 4వ శతాబ్దాంతమున యోహాను క్రిసోస్తొము వ్రాసెను. అదే శతాబ్దపు మరియొక సిలువను గూర్చి వినుడి.

379వ సంవత్సరమున మక్రీనా అను భక్తురాలు నిద్రించెను. నుస్సా అధ్యక్షుడైన గ్రెగొరీ ఆమె తమ్ముడు. ధనిక కుటుంబమున పుట్టియు ఆమె తన దాసీలతో సమానురాలై జీవించెను. సమాధికి తగిన వస్త్రము వెదకగా, ఆమె కట్టుకొన్నది తప్ప మరేమియు దొరకలేదు. దేహమును సిద్ధపరచునప్పుడు వెతియాన అను విధవరాలు ఆమె మెడలోని సన్నని త్రాటిని విప్పెను. దానికి ఒక ఇనుప సిలువయు, ఒక ఇనుప ఉంగరమును ఉండెను. గ్రెగొరీ సిలువను వెతియానకు విడిచి, ఉంగరమును తాను తీసికొనెను. ఆ ఉంగరములోనే కొయ్యముక్క దాచబడియున్నదని ఆమె అతనికి తెలిపెను.

ప్రియ చదువరులారా, ఆ కొయ్య నిజమైనదా అనునది మన ప్రశ్న కాదు. కొయ్య రక్షింపదు, దానిమీద మరణించి లేచినవాడే రక్షించును. యేసు మరణానుభవమును శరీరమందే వహించుచున్నామని పౌలు చెప్పుచున్నాడు. ఐశ్వర్యమును దాచుకొనిన మంటిఘటములము మనమే.

బార్డోలీ వంటి దూరపు పట్టణమున, పరభాషల నడుమ జీవనోపాధి వెదకికొను తెలుగు విశ్వాసి మెడలో చిన్న సిలువ ఉండవచ్చును. పొరుగువారు దానిని ఒకసారి చూతురు. అతని తూకమును, మాటను, కూలివానికి చెల్లించు కూలిని ప్రతిదినము చూతురు. మెడలో సిలువయుండి హృదయము శూన్యమైనయెడల, మనమును పురావస్తుశాలలోని కంచు రేకులవంటివారమే గదా!

ఒకనాడు మన త్రాటిని విప్పువారు మనలో ఏమి కనుగొందురు?

ప్రభువా, మేము ధరించిన గురుతునకు తగిన జీవమును మాలో నింపుము. ఆమేన్.