పనిముట్టు ఋణము

శివశరణులు కాయకమును గూర్చి పలికినప్పుడు పనిచేయు మనిషిని గూర్చి చెప్పిరి, పనిలోని నిజాయితీని గూర్చి చెప్పిరి, ఆర్జించినదానిని దాసోహముగా పంచుటను గూర్చి చెప్పిరి. పనిముట్టును గూర్చి వేరుగా తలచుట అరుదు. అయినను శరణుల పేర్లను ఒకపరి వరుసగా చదివినచో పనిముట్లే కండ్లకు కట్టును. జేడర దాసిమయ్య అన్నంతనే మగ్గము, అంబిగర చౌడయ్య అన్నంతనే పడవ, మడివాళ మాచయ్య అన్నంతనే చాకిరేవు మనసున మెదలును. సూజికాయకద రామితందె అను శరణుని పేరులో సూదియే ఉన్నది. దేనివలన మనిషికి పేరు వచ్చినదో దానికి అతడు కొంత ఋణపడి ఉండును గదా! ఆ ఋణము ఎట్టిది, దానిని తీర్చుట ఎట్లు అను ప్రశ్నను సూదికి సంతతియైన కుట్టుమిషనును దృష్టాంతముగా గైకొని విచారింపవచ్చును.

కళ్యాణదుర్గము పేరులో కళ్యాణమున్నది గాని అది బసవేశ్వరుని కళ్యాణము కాదు. ఆ కళ్యాణము బీదరు జిల్లాలోని నేటి బసవకళ్యాణము. ఇది అనంతపురము జిల్లా మెట్టనేలలోని ఊరు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటుగా మాత్రమే వాన పడు జిల్లా ఇది. వేరుశనగకు ఊడలు దిగు వేళ చినుకు రాలకపోవుట, పెట్టుబడి మట్టిపాలగుట, మగవారు బెంగుళూరికి కూలికి పోవుట ఇచ్చటివారికి కొత్త సంగతులు కావు. అట్టి ఏట కొన్ని ఇండ్లలో పొయ్యి రగులుటకు ఆధారము మూలనున్న కుట్టుమిషనే. రవికలు, లంగాలు, బడిపిల్లల చొక్కాలు, చినిగినదానికి అతుకులు. వీని కూలి చిన్నదే, కాని వానతో నిమిత్తము లేనిది.

అట్టి ఇల్లు ఒకదానిని ఊహించుకొనవచ్చును. అత్తగారి నుండి కోడలికి వచ్చిన నల్లని కాలిమిషను ఉన్నది. దానిపై బంగారు రంగు లతలు సగము చెరిగినవి. చక్రము బిగిసి తిరుగకున్నది. పాత ఇనుము కొనువాడు కిలోల లెక్కన ధర కట్టును. అంగడివాడు దానిని తీసికొని కొత్తదాని వెలలో కొంత తగ్గింతును, మిగిలినది కంతులపై కట్టుమనును. పట్నము నుండి వచ్చినవాడు హోటలులో అలంకారముగా నిలుపుటకు అడుగును. ఈ మువ్వురిలో ఎవరును దుర్మార్గులు కారు. కాని మువ్వురును అడుగని ప్రశ్న ఒకటి కలదు: ఇది నిజముగా చచ్చినదా, లేక ఎవరును పట్టించుకొనక పడియున్నదా? కొత్త ఒక వింత, పాత ఒక రోత అను సామెత ఈ ప్రశ్నను అడుగనీయదు.

బిగిసిన మిషనులలో పెక్కు చచ్చినవి కావు. వానికి పట్టిన జాడ్యము మిగుల సామాన్యమైనది. వేరుశనగ పండు సీమలో ఇంట నూనెకు కొదువ లేదు. మిషను గీ అని మ్రోగినంతనే వంటింటి గిన్నెలోని నాలుగు చుక్కలు దానిలో పోయుట సులభము. ఆ దినమున అది హాయిగా తిరుగును. కాని వేరుశనగ నూనె గాని, కొబ్బరి నూనె గాని గాలి తగిలినకొలది చిక్కబడి, బంకయై, తుదకు లక్క వలె గట్టిపడును. ఆ బంకకు ఎండకాలపు ధూళి, గుడ్డల నూగు తోడగును. ఉపకారమని పోసినదే ఊపిరి బిగించును. మందు కూడ అంత సామాన్యమైనదే. కిరోసిను చుక్కలను నూనె రంధ్రములలోను, ఇనుముతో ఇనుము రాయు చోట్లను వేసి, ఒక దినమో రెండు దినములో ఊరనిచ్చి, చక్రమును బలవంతము చేయక ముందుకు వెనుకకు కొంచెము కొంచెముగా కదల్పవలెను. కదలిన పిదప కిరోసినును తుడిచివేసి, నీళ్ళ వలె తేటగానుండు మిషను నూనె వేయవలెను. కిరోసిను కరిగించును గాని కాపాడదు. దానినే నూనె యనుకొని విడిచినచో ఇనుము అరుగును. సూది దిగు ప్లేటును విప్పి, గుడ్డను నెట్టు పండ్ల క్రింద చూచినచో నూగు, నూనె కలిసి కంబళి ముక్క వలె గట్టిపడి కనబడును. గుడ్డ కదలకపోవుటకు పలుమారు అదియే కారణము. బంగారు లతలను మెరిపింపవలెనని స్పిరిటుతో తుడుచుట మాత్రము తగదు. వానిపై పూసిన లక్కపూత స్పిరిటుకు కరగిపోవును.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. ఆయుధపూజ నాడు మిషనును కడిగి, విభూతి రేఖలు దిద్ది, పసుపు కుంకుమలు చల్లి, పూలదండ వేయు ఇండ్లు పెక్కు. మరునాటి నుండి మరల ఆయుధపూజ వరకు దానికి ఒక చుక్క నూనె వేయని ఇండ్లును పెక్కే. చల్లిన పొడి నూనె రంధ్రములలో దిగి బంకతో కలియును. పూజ పొందిన పనిముట్టు పూజ వలననే కుంటుపడుట చూచి నవ్వవలెనో ఏడ్వవలెనో తెలియదు. బసవేశ్వరుని మార్గమున నడచు ఇంటిలోనైనను, పనిముట్టుకు నూనె వేయుట పూజలోని భాగమని పిల్లలకు నేర్పుట కష్టమా?

ఋణములో రెండవ భాగము ఆ పనిముట్టు ఎవరో తెలిసికొనుట. ఇది వినుటకు వింతగానుండును. పేరు పైననే వ్రాసియున్నది గదా అందురు. ఇంటి పేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అన్నట్లు, కుట్టుమిషనుల లోకములో పేరుపలక కంటె నమ్మరానిది లేదు. సింగరు కంపెనీ పదిహేనవ తరగతి అని పిలిచిన నమూనా ఎంత చక్కగా కుదిరినదనగా, దానిని లోకమంతయు అనుకరించెను. రెండవ ప్రపంచ యుద్ధము తరువాత జపానువారు ఆ నమూనానే వందల పేర్లతో చేసి అమ్మిరి. 1930లలో కలకత్తాలో జయ్ ఇంజనీరింగ్ వర్క్స్ ఉషా మిషనును చేయసాగెను. లుధియానాలోని చిన్న చిన్న కార్ఖానాలు అనేక నామములతో నల్ల మిషనులను, వాని విడిభాగములను చేయుచున్నవి. కావున పలకను చదువుట మాని అంగములను చదువవలెను.

చక్రము వైపు కంబము మొదట పీఠముపై అచ్చుకొట్టిన అంకె అసలైన సింగరుకు జాతకము వంటిది. ముందు అక్షరమేమియు లేక అంకెలు మాత్రమే ఉన్నచో అది 1900కు పూర్వపుది. ఎఫ్ అను అక్షరమున్నచో 1910 తరువాతను, వై ఉన్నచో 1921 తరువాతను స్కాట్లాండులోని క్లైడ్‌బ్యాంక్ కార్ఖానాలో చేసినది. 1885 నాటికి పని మొదలిడిన ఆ కార్ఖానా మొదటి ప్రపంచ యుద్ధమునకు ముందు ఏటికి పదిలక్షలకు పైగా మిషనులను చేసెను, 1980లో మూతపడెను. తల్లి పోయినను బిడ్డలు ఇంకను కుట్టుచున్నారు. అంకె చెరిగినచో దారము చుట్టు బాబిను చెప్పును. పడవ ఆకారపు షటిలులో సన్నని పొడుగు బాబిను ఉన్నచో అది మిక్కిలి పాత పద్ధతిది; దానికి భాగములు దొరకుట కష్టము. గుండ్రని బాబిను ప్రక్కలు చదునుగానున్నచో పదిహేనవ తరగతి. కొంచెము ఉబ్బుగానున్నచో అరువది ఆరవ తరగతి. చూపునకు ఒకటిగా కనబడు ఈ రెంటిని మార్చి పెట్టినచో దారము చిక్కుపడును, దోషము మిషనుపై పడును. సూది సంగతియు అంతే. సూది మొదట ఒక ప్రక్క చదును, రెండవ ప్రక్క పొడవుగా గాడి ఉండును. దారము ఎక్కించు వైపుననే గాడి ఉండవలెను. ఆ దిక్కు ఒక్కొక్క నమూనాకు ఒక్కొక్క విధము. సూదిని తిరుగవేసి మిషను చెడినదని అమ్ముకొన్నవారు లేకపోలేదు.

గుర్తించుటలో ధర్మమేమున్నదని అడుగువారికి 2009 ఏప్రిలు నాటి సంగతి చెప్పదగినది. సౌదీ అరేబియాలో పాత సింగరు మిషనుల సూదులలో ఎర్ర పాదరసమను అమూల్య వస్తువు కలదని పుకారు పుట్టెను. చేతి టెలిఫోను దగ్గరకు తెచ్చినప్పుడు సంభాషణ తెగిపోయినచో ఆ వస్తువు ఉన్నట్లేనని పరీక్ష కూడ కల్పించిరి. పాత మిషనులకు లక్షల రియాళ్ళ ధరలు పలికినట్లు వార్తలు వచ్చెను. అది వట్టి మోసమని అచ్చటి అధికారులు ప్రకటింపవలసి వచ్చెను. మిషనులో ఉన్నది ఇనుము, ఉక్కు, మనిషి తెలివి. అంతకు మించినది ఉన్నదని చెప్పి అమ్ముట ఎంత అబద్ధమో, అంతకు తక్కువయని చెప్పి కిలోల లెక్కన కొనుటయు అంతే అబద్ధము. ఎరుక లేనివాడు ఈ రెండు అబద్ధములకును లోబడును.

ఒకరి నమూనాను మరొకరు చేయుట దొంగతనము కాదా అను సందేహము సహజము. కాలము తీరిన నమూనా లోకము సొత్తు. ఆ నమూనాతో భాగమును చేసి తన పేరు వేసికొని అమ్మువాడు కాయకము చేయుచున్నాడు. అతడు లేనిచో కళ్యాణదుర్గములోని పాత మిషనుకు బాబిను కేసు గాని, టెన్షను స్ప్రింగు గాని, తోలు బెల్టు గాని ఎచ్చటి నుండి వచ్చును? నూరేండ్ల నాటి మిషనుకు నేటి బజారులో కొన్న సూది సరిపోవుట సామాన్యమైన మేలు కాదు. అదే భాగముపై సింగరు ముద్ర కొట్టి అమ్మువాడు మాత్రము దొంగ. చేసిన వస్తువు ఒకటే, తేడా పలికిన మాటలో ఉన్నది. బాగుచేయువానికిని ఇదే కొలత. కొత్త భాగము వేసి పాతదేయని చెప్పరాదు. విప్పిన పాత భాగమును కాగితములో చుట్టి ఇంటివారి చేతికి ఈయవలెను. పాత సింగరు మరలు నేటి మామూలు మరల చుట్టుతో కలియవు. దొరకిన మరను బలవంతముగా త్రిప్పినచో గూడు చెడును. తగిన మర లేదని చెప్పి నాలుగు దినములు గడువడుగుట సిగ్గుపడవలసినది కాదు.

యంత్రములపై అనుమానము గల గాంధీమహాత్ముడు కుట్టుమిషనును మాత్రము వేరుగా ఎంచెను. 1924లో అన్ని యంత్రములను కాదందురా అని అడిగినవారికి ఆయన దీనిని మినహాయింపుగా చూపి, భార్య కష్టము చూడలేని ప్రేమతో సింగరు దీనిని కల్పించెనని చెప్పెను. సింగరు జీవితము ఆ ప్రేమకథకు అంతగా తగినది కాదు. పలు సంసారములు నడిపిన మనిషి ఆయన. సూది మొనలో రంధ్రముంచి కుట్టు యంత్రమునకు ఎలయాస్ హోవ్ 1846లోనే హక్కుపత్రము పొందియుండెను. అయినను గాంధీజీ నిర్ణయములో సారము చెడలేదు. ఈ యంత్రము మనిషి చేతిని తీసివేయక చేతికి వేగమునిచ్చును. రాయదుర్గము, బళ్ళారిల జీన్సు కుట్టు కొట్లలో విద్యుత్తు మిషను యజమానిది, కుట్టువాడు కూలివాడు. ఇంటి కాలిమిషను కుట్టు మనిషిదే. అది దళసరి జీన్సును దినమంతయు కుట్టలేదు, ఆ మాట దాచరాదు. కాని కరెంటు పోయినను ఆగదు, యజమాని పొమ్మన్నను పోదు.

మిగిలినది మిక్కిలి చిక్కైన ప్రశ్న. ఒక మిషనును బ్రతికించుటకు మరొక మిషనును విప్పవచ్చునా? విప్పక గడవని వేళలున్నవి. పడవ షటిలు వంటివి పాత మిషనుల నుండియే రావలెను. పోతపోసిన ఇనుప శరీరము పగిలినదానిని అతికి మునుపటి వలె నడపుట దుర్లభము. అట్టిది తన అంగములను ఇచ్చుట దాసోహము వంటిదే. కాని బంకపట్టి బిగిసినదానిని పగిలినదాని క్రింద జమకట్టి, ఒక స్ప్రింగు కొరకు మొత్తము విప్పి, మిగిలినది గోతములో వేయు వాడుక కలదు. ఆయదక్కి మారయ్య బసవన్న వాకిట రాలిన బియ్యము ఏరుకొని వచ్చు కాయకమువాడు. ఒకనాడు మామూలు కంటె ఎక్కువ తెచ్చినప్పుడు భార్య లక్కమ్మ, అవసరమునకు మించినది మనది కాదని, మరల అచ్చటనే పోసి రమ్మని పంపెనని శరణుల చరిత్రలు చెప్పును. రాలిన గింజకు చెల్లిన న్యాయము స్ప్రింగుకును చెల్లును. కావలసినది తీసికొని, తక్కినదానిని నూనె గుడ్డతో తుడిచి, ఏ నమూనాయో చీటీ కట్టి ఉంచువాని కొట్టులో మరునాడు మరొకరి మిషను లేచి తిరుగును.

ఇట్లు సూది మార్చి, బాబిను కేసు మార్చి, స్ప్రింగు మార్చి, బెల్టు మార్చిన తరువాత అది అత్తగారి మిషనేనా? మిళింద రాజుతో నాగసేనుడు రథమును గూర్చి జరిపిన వాదము ఇట్టిదే: చక్రము రథము కాదు, ఇరుసు రథము కాదు, మరి రథమేది? కుట్టు నేర్చినవారు ఈ వాదమునకు అంతగా బెదరరు. రెండు దారములు, పైది ఒకటి క్రిందిది ఒకటి, గుడ్డ నడుమ ముడిపడినచో కుట్టు కుదిరినట్లు. ముడి పైకి గాని క్రిందికి గాని తేలినచో కుదరనట్లు. వారికి మిషను గుర్తు అదియే. తల పూర్తిగా పగిలిననాడు కూడ ఇనుప కాళ్ళు, తొక్కుడు పలక, చెక్కబల్ల నిలిచియుండును. మన దేశములో చేసిన పెద్ద నల్ల మిషను తల ఆ బల్లకు కోసిన గాడిలో, ఆ మడతబందులపైననే సాధారణముగా కూర్చుండును. అట్టి తలను తెచ్చి కూర్చుండబెట్టి, పాతదాని అంకెను, కొత్తదాని పేరును, తెచ్చిన తేదీని ఇంటి లెక్కల పుస్తకములో వ్రాసి ఉంచినచో, రేపు కూతురి కూతురు దానికి సూది కొనుటకు బజారుకు పోయినప్పుడు ఏది అడుగవలెనో ఆమెకు తెలియును.